ఊళ్ళో మందు, మత్తు తగ్గించాలంటే: ముందు ఆస్పత్రి దారి, తర్వాతే దుకాణానికి తాళం

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో కల్లులో కలిపే మత్తు పొడి దొరకడం ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ వెంటనే ఆస్పత్రులకు జనం క్యూ కట్టారు. ఒకరికి ఫిట్స్, ఒకరికి లేనివి కనిపించడం, ఇంకొకరికి మెడ వంకర పోవడం. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మందు, కల్లు బంద్ చేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్ళీ ఇదే కథ.

ఊళ్ళో తాగుడు తగ్గించాలని బయల్దేరే సర్పంచులూ, మహిళా సంఘాలూ, కుర్రాళ్ళూ అందరూ మొదట చేసే పని దుకాణం మీద పడటం. కోపం అక్కడే ఉంటుంది కాబట్టి అది సహజం. అయితే ఏళ్ళ తరబడి తాగుతున్న మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే ప్రాణానికే ముప్పు. అందుకే పనుల వరుస ముఖ్యం. ఎవరికి ఎంత ముదిరిందో తెలుసుకోవడం, వాళ్ళని తీసుకెళ్ళడానికి ఒక ఆస్పత్రి, ఒక బండి, ఒక ఫోన్ నంబరు సిద్ధం చేసుకోవడం ముందు జరగాలి. దుకాణం సంగతి ఆ తర్వాత. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది. పల్లెను దృష్టిలో పెట్టుకుని రాసినా బస్తీకీ, కాలనీకీ చాలావరకు ఇదే పద్ధతి.

1. జట్టు కట్టడం

ఏడెనిమిది మంది చాలు. పెద్ద కమిటీ వేస్తే ఫొటోలకు పనికొస్తుంది తప్ప పనికి రాదు. ఆశా కార్యకర్త, డ్వాక్రా గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరు, ఒక టీచరు, ఒక వార్డు మెంబరు, కుర్రాళ్ళల్లో నలుగురూ మాట వినే ఒకడు. వీళ్ళందరికన్నా విలువైన మనిషి ఇంకొకరున్నారు: తాగి తాగి మానేసినవాడు. ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉంటారు, వాళ్ళని ఎవరూ పిలవరు. తాగేవాడు డాక్టరు మాట వినకపోవచ్చు, పెళ్ళాం మాట వినకపోవచ్చు. "నాకూ పొద్దున్నే చేతులు వణికేవిరా" అన్నవాడి మాట మాత్రం వింటాడు.

వచ్చే ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్ళని ముందు వరుసలో పెట్టొద్దు. ఓట్ల రోజుల్లో క్వార్టర్లు పంచేది ఎవరో ఊరందరికీ తెలుసు. ఆ చేతులతోనే మద్యం వద్దని బ్యానర్ కడితే నవ్విపోతారు.

2. ఊళ్ళో ఏం నడుస్తోందో లెక్క తీయడం

ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్లో ఎవరు తాగుతారు" అని అడగొద్దు. ఎవరూ నిజం చెప్పరు, పేర్లు రాసుకుంటే గొడవలు. దానికి బదులు ఊరి పటం గీయండి. నోటుపుస్తకంలో చేత్తో గీసినా సరే. ఖాళీ సీసాలు ఎక్కడ పడుతున్నాయి, లైసెన్సు లేకుండా మందు అమ్మే బెల్టుషాపులు ఏ ఇళ్ళల్లో, ఏ కిరాణా కొట్టుల్లో నడుస్తున్నాయి, సాయంత్రం కుర్రాళ్ళు ఎక్కడ చేరుతున్నారు, కల్లు ఎక్కణ్ణుంచి వస్తోంది, గుడుంబా గానీ నాటుసారా గానీ ఏ వైపు నుంచి దిగుతోంది: ఇవన్నీ గుర్తు పెట్టండి. బడి వెనక గోడ పక్కన మత్తు కోసం పీల్చే సొల్యూషన్ ట్యూబులు, దగ్గు మందు సీసాలు కనిపిస్తే అది వేరే రంగుతో. అక్కడ వ్యవహారం పిల్లలది.

తర్వాత మహిళా సంఘాల సమావేశంలో పేర్లు అడక్కుండా కొన్ని ప్రశ్నలు వేయండి. మన వీధిలో పొద్దున్నే తాగేవాళ్ళు ఎంతమంది? మానిన రోజు వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం ఎంతమందికి ఉంది? ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్ళున్నారా? కొట్టే ఇళ్ళు ఎన్ని? బడి మానేసిన పిల్లలెంతమంది?

ఈ లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం పొద్దుటి తాగుడు. తెల్లారి ఆరింటికి ఏదైనా బెల్టుషాపు దగ్గర నిలబడి చూడండి. బిస్కట్ డబ్బాల వెనక నుంచి సీసా వస్తుంది. మనిషి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు, ఒక చేత్తో పట్టుకుంటే ఒలికిపోతుంది మరి. నంజుకోవడానికి ఏమీ ఉండదు, కబుర్లుండవు. గటగటా తాగి, మూతి తుడుచుకుని, కాసేపాగి చేతుల వంక చూసుకుంటాడు. వణుకు తగ్గాక పనికి పోతాడు. సాయంత్రం స్నేహితులతో సిట్టింగ్ వేసేవాడికీ ఇతనికీ చాలా తేడా ఉంది. ఇతనికది సరదా దాటి మందుబిళ్ళ అయిపోయింది. మీరు దుకాణం మూయిస్తే ముందుగా పడిపోయేది ఇతనే. ఇలాంటివాళ్ళు మీ ఊళ్ళో ఎంతమందో తెలియకుండా తర్వాతి అడుగు వేయొద్దు.

ఇది మన ఒక్క ఊరి గొడవ కాదు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళ సర్వే నివేదిక వచ్చింది. దేశంలో మద్యం తాగేవాళ్ళు సుమారు 16 కోట్లు, అందులో సాయం అవసరమైనంతగా ముదిరినవాళ్ళు 5.7 కోట్లు అని తేల్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందుతోందట. అంటే మీ లెక్కలో తేలిన వాళ్ళల్లో దాదాపు అందరూ ఇంతవరకు ఏ డాక్టరునూ చూడని వాళ్ళే.

3. ఆస్పత్రి దారి వేయడం

అసలు పని ఇదే. ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

మొదట మీ పీహెచ్‌సీ డాక్టరును కలవండి. వట్టి చేతులతో వెళ్ళొద్దు, మీ లెక్క పట్టుకెళ్ళండి. "పొద్దున్నే తాగేవాళ్ళు ఇంతమంది, ఫిట్స్ వచ్చినవాళ్ళు ఇంతమంది" అని చెబితే ఆయనకూ పని తెలుస్తుంది. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఏయే రోజుల్లో ఓపీ చూస్తుంది, పడుకోబెట్టి చికిత్స చేసే వీలుందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, ఇవి కనుక్కుని రాసుకోండి. తెలంగాణకు ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రకు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పాత పెద్ద దిక్కులు. వీటికి తోడు కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీఅడిక్షన్ కేంద్రాలున్నాయి. మీకు దగ్గర్లో ఏదుందో 14446కు ఫోన్ చేస్తే చెబుతారు. అది వ్యసన విముక్తికి జాతీయ ఉచిత నంబరు. టెన్షన్, దిగులు, చచ్చిపోవాలనే ఆలోచనలుంటే టెలీ మానస్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు ఒళ్ళు ఏం చేస్తుందో తెలుసుకుందాం. బాగా ముదిరినవాడు మందు ఆపిన 6 గంటల నుంచి వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఇంకో ప్రమాదం ఉంది. జ్వరం, దిక్కుతోచకపోవడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, చనిపోయినవాళ్ళు వచ్చి పిలుస్తున్నారనడం. ఊళ్ళల్లో దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు, దర్గాకో గుడికో తీసుకెళ్ళి పడుకోబెడతారు. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. ఆ స్థితిలో మనిషిని ఆస్పత్రికి చేర్చకపోతే చనిపోవచ్చు. వెంటనే 108.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో స్పూను పెట్టడం, చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నీళ్ళు పోయడం, ఏవీ వద్దు. 5 నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి ఇంకొకటి వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి. ఇది జట్టులో అందరికీ ఒకసారి చేసి చూపించమని ఏఎన్ఎంను అడగండి.

ఇంకో సంగతి. తాగి నీరసపడ్డవాణ్ణి ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించడం మనకలవాటు. దీర్ఘకాలం తాగినవాళ్ళల్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చారా" అని అడగడం మీ హక్కు. మీ ఊరి ఆర్ఎంపీని శత్రువును చేసుకోకుండా ఈ ఒక్క విషయం చెప్పి, కేసును పీహెచ్‌సీకి పంపమని ఒప్పించుకోండి. అర్ధరాత్రి జనం ముందు వెళ్ళేది ఆయన దగ్గరికే కదా.

కల్తీ కల్లు కథ ఇంకా జటిలం. అందులో కలిపేవి ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. తాగేవాడు తాను కల్లు తాగుతున్నాననుకుంటాడు గానీ ఒళ్ళు అలవాటు పడింది నిద్రమాత్రలకి. వీటిని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ కూడా కల్లు తాగే ఊళ్ళల్లో వాళ్ళనీ లెక్కలో వేయండి, మగవాళ్ళ కోసమే వెతికితే చాలామంది తప్పిపోతారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కాబట్టి ఇదేదో మారుమూల పల్లె సమస్య అని నగరం వాళ్ళు అనుకోవద్దు. చెట్టు నుంచి దించిన అసలు కల్లుకూ ఈ పొడి కల్లుకూ ఉన్న తేడా అందరికన్నా గీత కార్మికులకే బాగా తెలుసు. వాళ్ళని మీ వైపు కలుపుకోండి. కల్తీ వల్ల మొదట పోయేది వాళ్ళ పేరే.

సారా, నకిలీ మద్యం తాగినవాళ్ళకు చూపు మసకబారితే, కళ్ళ ముందు మంచు కమ్మినట్టుందంటే, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. అందులో ఉన్నది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ అయితే గంటలు కూడా లెక్కే.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల గురించి జాగ్రత్త. రాత్రిపూట వ్యాన్‌లో వచ్చి మనిషిని ఎత్తుకుపోయి, మూడు నెలలు తలుపులు వేసి ఉంచి, లక్షలు వసూలు చేసేవాళ్ళున్నారు. చేర్చే ముందు అడగాల్సినవి ఇవి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, మానసిక వైద్యుడు నిజంగా వచ్చి చూస్తాడా, ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడొచ్చా, వచ్చి చూడొచ్చా, బిల్లు కాగితం మీద ఇస్తారా. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం ఏ రూపంలోనూ ఒప్పుకోదు. "మీరు వదిలేసి వెళ్ళండి, మేం చూసుకుంటాం" అనే చోటు నుంచి వెంటనే వెనక్కి వచ్చేయండి.

బస్టాండు గోడల మీద "తెలియకుండా తాగుడు మాన్పించే పొడి" అని పోస్టర్లుంటాయి చూడండి. కూరలో కలిపి పెట్టమంటారు. ఆ పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే బిళ్ళ వేసుకున్నవాడు మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె ఆగే పరిస్థితి కూడా రావచ్చు. అది మంచి మందే, తాగేవాడికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడితే. దొంగచాటుగా పెట్టడం మాత్రం విషం పెట్టడంతో సమానం. ఈ సంగతి మహిళా సంఘాల్లో తప్పకుండా చెప్పాలి. పాపం, విసిగిపోయిన భార్యలే ఈ పొట్లాలు కొనేది.

4. తాగేవాడితో మాట్లాడటం

సమయం చూసుకోండి. తాగి ఉన్నప్పుడు మాట్లాడితే గాలికి పోయినట్టే. బంధువుల ముందు, పంచాయితీ అరుగు మీద మాట్లాడితే పరువు అడ్డొస్తుంది. పొద్దున్న పూట, ఒంటరిగా, అతను నమ్మే ఒక్క మనిషి చాలు. నీతులొద్దు, అతను స్వయంగా పడుతున్న బాధ నుంచి మొదలుపెట్టండి. అన్న కొడుకు బాబాయితో ఇలా అనొచ్చు:

"బాబాయ్, నిన్న రాత్రి గొడవ గురించి కాదులే. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది కదా, ఎన్నాళ్ళ నుంచి?"

"సంక్రాంతి దగ్గర్నుంచి అనుకుంటా. రెండు గుటకలు పడితే తగ్గిపోతుందిరా."

"తగ్గడానికి బిళ్ళలున్నాయంట. మంగళవారం పెద్దాస్పత్రిలో ఆ డాక్టరు వస్తాడు. నేనూ వస్తా, బండి మీద పోయొద్దాం. మానమని నేననట్లేదు, ఒకసారి చూపించుకుందాం."

"మానతావా మానవా" అని పట్టుబడితే చర్చ అక్కడే ఆగిపోతుంది. "మంగళవారం వస్తావా" అన్నది చిన్న మాట, దానికి ఒప్పుకోవడం తేలిక. ఒప్పుకున్నాక ఆ మంగళవారం దాకా సొంతంగా ఒక్కసారిగా ఆపేయొద్దని కూడా చెప్పండి. ఇంట్లోవాళ్ళకి వింతగా అనిపిస్తుంది, కారణం వివరించండి.

డబ్బు లెక్క ఒకటి కాగితం మీద వేసి చూపించడం కొందరికి పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో చవక క్వార్టర్ 99 రూపాయలు. రోజుకు రెండు అంటే 198, నెలకు 5,940. బెల్టుషాపులో దాని మీద ఇంకో పదీ ఇరవై వేస్తారు. ఏడాదికి 70 వేలు దాటిపోతుంది. డ్వాక్రా లోను వాయిదా ఎంతో ఆ పక్కనే రాయండి.

ఇంట్లోవాళ్ళకి రెండు మాటలు. అతని అప్పులు మీరు తీర్చొద్దు. పనికి రాకపోతే "జ్వరం" అని మేస్త్రికి మీరు అబద్ధం చెప్పొద్దు. అయితే అన్నం పెట్టడం, ఆస్పత్రికి తోడు వెళ్ళడం మానొద్దు. కొట్టే ఇల్లయితే వరుస మారిపోతుంది: ముందు భార్య, పిల్లల భద్రత, తర్వాతే అతని చికిత్స. 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రాణాపాయమైతే 112, జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రం. "తాగినప్పుడు కొట్టాడులే, మనిషి మంచోడు" అని సర్దిచెప్పే పెద్దమనుషుల్ని ఈ విషయంలో పక్కన పెట్టండి.

5. ఇప్పుడు దుకాణం

ఆస్పత్రి దారి పడ్డాక, ముదిరినవాళ్ళల్లో కొందరైనా చికిత్సకు చేరాక, సరఫరా మీద పడొచ్చు.

లైసెన్సు దుకాణం, బెల్టుషాపు ఒకటి కాదు. తెలంగాణలో లైసెన్సు మద్యం దుకాణాలు 2,620. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకిచ్చినప్పుడు 3,396. వీటికి లెక్కుంది, టైముంది, బోర్డుంది. బెల్టుషాపులకు ఏదీ లేదు. అవి మొత్తానికే చట్టవిరుద్ధం. పొద్దుటి తాగుడు నడిచేది, పిల్లల చేతికి సీసా వెళ్ళేది, అప్పు ఖాతా రాసేది అక్కడే. అందుకని మొదటి గురి బెల్టుషాపు.

గ్రామసభలో తీర్మానం పెట్టించండి. తీర్మానం కాపీలు ఎక్సైజ్ స్టేషన్‌కు, ఎస్సైకి, కలెక్టరేట్ ప్రజావాణికి లేదా గ్రీవెన్స్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. సీసా మీద ఉండే బ్యాచ్ నంబరు, హోలోగ్రామ్ ఫొటో తీసి జత చేస్తే ఆ సరుకు ఏ లైసెన్సు దుకాణం నుంచి వచ్చిందో పట్టుకునే వీలుంటుంది. వట్టి అర్జీకన్నా దీనికి బలం ఎక్కువ. షెడ్యూల్డ్ ప్రాంతపు, అంటే ఆదివాసీ ప్రాంతపు ఊళ్ళయితే అక్కడి పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గురించి నేరుగా చెప్పింది, తీర్మానంలో ఆ చట్టం పేరు రాయండి.

ఎక్సైజ్ శాఖ మీద ఎంత ఆధారపడాలి? నా అభిప్రాయం, సగం. అమ్మకాలు పెంచి ఖజానా నింపాల్సిన శాఖే అమ్మకాలు తగ్గించాలంటే అధికారి ఎంత మంచివాడైనా కాళ్ళకు బంధం ఉంటుంది. మిగతా సగం ఊరి ఒత్తిడి. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో జరిగింది అదే. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు అక్కడే తమ కష్టం గురించి మాట్లాడుకుని, సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. 1992 నాటికి అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా పాకింది, సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఆ ఉద్యమం నుంచి నేర్చుకోవాల్సింది కోపంతో పాటు ఒక చిన్న విషయం కూడా: వాళ్ళు రోజూ సాయంత్రం కలిసే చోటు ఒకటుంది. మీ ఊళ్ళోనూ అలాంటి చోటు కావాలి. నెలకోసారి జరిగే మీటింగు సరిపోదు.

ఉత్తర తెలంగాణలో కొన్ని ఊళ్ళల్లో గ్రామాభివృద్ధి కమిటీలే బెల్టుషాపును వేలం వేసి, ఆ డబ్బుతో గుడి కడతాయి, సీసీ కెమెరాలు పెడతాయి. ఇది మాట్లాడటానికి అందరూ ఇబ్బంది పడతారు. మీ ఊళ్ళో అదే ఉంటే ముందు తేల్చుకోవాల్సింది అదే, లేకపోతే మీ పని అంతా ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడటమే. వేలానికి చట్టబద్ధత ఏమీ లేదు. ఆ డబ్బు లేకపోతే గుడి ఆగదు, చందాలు ఎప్పుడూ ఉన్నవే.

తాగినవాడికి జరిమానా, కుల బహిష్కరణ, గుండు కొట్టించడం లాంటివి వద్దే వద్దు. చట్టం ఒప్పుకోదు. పైగా తాగేవాళ్ళు దాక్కుంటారు, ఆస్పత్రికి రావాల్సినవాడు పొలం గట్టు మీద పడి ఉంటాడు.

బెల్టుషాపు నడిపేది చాలాచోట్ల ఒంటరి ఆడమనిషో, కాలు విరిగి కూర్చున్నవాడో. కేసు పెడితే రేపు మళ్ళీ తెరుస్తారు, బతకాలి కదా. సమాఖ్య లోనుతో కిరాణా సరుకో, కుట్టు మిషనో, పాల గేదెనో చూపించి మూయిస్తే ఎక్కువ కాలం మూసి ఉంటుంది.

6. గంజాయి, బిళ్ళలు, కుర్రాళ్ళు

ఇక్కడ పెద్దల్లో భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. కొడుకు గంజాయి తాగుతున్నాడని తెలిస్తే పోలీసులు జైల్లో వేస్తారని తండ్రి దాచేస్తాడు. చట్టంలో దారుంది. మత్తుమందుల మీద ఉన్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులో గానీ చిన్న పరిమాణం కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేసు ఉంటే లాయరుతో, లేదా ఉచితంగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి.

కుర్రాళ్ళకి చెప్పాల్సింది వేరే. గంజాయిలో కిలో లోపు చిన్న పరిమాణం, 20 కిలోల పైన వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే కనీసం 10 ఏళ్ళ జైలు, లక్ష జరిమానా. "ఈ బ్యాగు విజయవాడలో ఇచ్చి రా, ఐదు వేలిస్తా" అన్నవాడి మాట వింటే పోయేది మీ పదేళ్ళు. బ్యాగు పంపినవాడు దొరకడు. ఏజెన్సీ దారుల్లో పట్టుబడేవాళ్ళల్లో ఇలా సంచి మోసిన కుర్రాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు.

గంజాయి ఆపితే ప్రాణం మీదికి రాదు. నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి ఉండదు, కొన్ని వారాలకు సర్దుకుంటుంది. కానీ తనలో తాను మాట్లాడుకోవడం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారనడం కనిపిస్తే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే. నిద్రమాత్రలు, నొప్పి బిళ్ళలు, దగ్గు మందు దుర్వినియోగమవుతుంటే ఊళ్ళోని మెడికల్ షాపులను కలవండి. ఆల్ప్రజోలం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టరులో రాయాలి. రిజిస్టరు ఉందా అని మర్యాదగా అడిగితే చాలు, చాలామంది జాగ్రత్త పడతారు. వినకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టర్.

అమ్మేవాళ్ళ సమాచారం ఆంధ్రప్రదేశ్‌లో 1972కు, తెలంగాణలో 1908కి, ఎక్కడివాళ్ళైనా 1933కి చెప్పొచ్చు. మీ పేరు బయటపెట్టరు. కుర్రాళ్ళ బృందం కర్రలు పట్టుకుని వెళ్ళి దాడి చేయడం మాత్రం వద్దు. 18 ఏళ్ళ లోపు పిల్లలకు మద్యం గానీ, మత్తుమందు గానీ, పొగాకు గానీ ఇచ్చినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. బడి పక్క కొట్టువాడికి ఈ సెక్షన్ గురించి ఒకసారి చదివి వినిపించండి. పిల్లల విషయానికి 1098.

7. దావత్‌లు, చావులు, కూలి

తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళల్లో నూటికి 43 మంది తాగుతారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పుట్టినా మందే, చచ్చినా మందే అన్న చోట ఒక మనిషి మానడం ఎంత కష్టమో ఆలోచించండి. చావు ఇంట్లో పాడె మోసినవాళ్ళకు, డప్పు కొట్టినవాళ్ళకు, దినం నాడు చుట్టాలకు మందు పోయించడానికి అప్పు చేసేవాళ్ళున్నారు. తీర్మానం పెట్టాల్సిన మొదటి చోటు ఇదే అని నేననుకుంటాను, ఎందుకంటే మనసులో అందరికీ ఇష్టమే. ఎవరికీ ముందుగా "మా ఇంట్లో పోయం" అనే ధైర్యం ఉండదు, అంతే. కుల సంఘాలన్నీ కూర్చుని ఊరి కట్టుబాటు అని రాసుకుంటే ఆ ఇంటివాళ్ళకు చెప్పుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది.

అలాగే "కూలి ప్లస్ క్వార్టర్" పద్ధతి. బోరు వేసినా, స్లాబు పోసినా, కోతలైనా క్వార్టర్ కలిపి ఇవ్వడం. దాన్ని డబ్బుగా మార్చి ఇమ్మని, వీలైతే నేరుగా భార్య ఖాతాలో వేయమని మేస్త్రులతో, రైతులతో మాట్లాడండి.

8. సెంటర్ నుంచి తిరిగొచ్చాక

చికిత్స నుంచి వచ్చిన మొదటి మూడు నెలలే గండం. డాక్టరిచ్చిన బిళ్ళలు ఆపేయడం, పాత జట్టు పిలవడం, చేతిలో ఒకేసారి కూలి డబ్బు పడటం, ఈ మూడింటిలో ఏదో ఒకటి కాలు జారేట్టు చేస్తుంది. బీపీ చూసే వంకతో ఆశా వారానికోసారి వెళ్ళి నిద్ర ఎలా ఉంది, బిళ్ళలు ఇంకా ఎన్ని మిగిలాయి, వచ్చే కూలి ఎప్పుడు అని అడగాలి. ఆ కూలి రోజు సాయంత్రం జట్టులో మానేసిన మనిషి అతనితో ఉండాలి. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉచితంగా జరుగుతాయి, దగ్గర్లో ఉంటే తీసుకెళ్ళండి. లేకపోతే మానేసినవాళ్ళు ముగ్గురు వారానికోసారి రచ్చబండ దగ్గర కూర్చున్నా చాలు. దసరాకు, సంక్రాంతికి, జాతరకు ముందు వారం ఒకసారి డాక్టరును కలిపించండి.

మళ్ళీ తాగుతారు. చాలామంది ఒకసారైనా తాగుతారు. "నేను ముందే చెప్పాను" అనేవాళ్ళు ఊరంతా ఉంటారు, వాళ్ళని ఆ ఇంటికి వెళ్ళనీయొద్దు. తెలిసిన వారంలోనే అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దానికోసం మొదటిసారి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, మందుల చీటీ ఆశా దగ్గర ఒక కవరులో పెట్టించండి. ఇంట్లో ఉంటే గొడవలో చిరిగిపోతాయి. అవి చేతిలో ఉంటే డాక్టరు మోతాదు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు, మీరు కథంతా మళ్ళీ చెప్పుకోనక్కర్లేదు.